పరగడుపున పలికిన గొంతు

ఆ గదిలో ఉన్నవాళ్ళు: నులక మంచం మీద నూకాలమ్మ, డెబ్బై దాటిన మనిషి. గుమ్మం దగ్గర ఆమె కొడుకు దానయ్య. మంచం పక్కన నేలమీద కోడలు పైడితల్లి. రక్తం తీయడానికి వచ్చిన ల్యాబ్ టెక్నీషియన్ని, నేను. ఉన్న వస్తువులు: నా ఐస్ పెట్టె, సూదులు, రబ్బరు పట్టీ, డిజిటల్ థర్మామీటరు, వేలికి తగిలించే ఆక్సిజన్ మీటరు, మూలన మడతపెట్టిన నైలాన్ వల, గూట్లో కుంకం డబ్బా పక్కన మాత్రల సంచి, గోడమీద దండ లేని ఒక మగమనిషి ఫొటో. నెల మే. చోటు ఫిషింగ్ హార్బర్ వెనక సందులో రేకుల ఇల్లు. ఫ్యాను ఆపేసి ఉంది. నూకాలమ్మ మీద రెండు దుప్పట్లు ఉన్నాయి.

ఇంకొకరు కూడా ఉన్నారని ఆ ఇంటివాళ్ళు అన్నారు. ఆయన్ని ఈ జాబితాలో ఎక్కడ రాయాలో నేను ఇప్పటికీ తేల్చుకోలేదు.

నేనెందుకు మానేశాను

నాకు ముప్ఫై ఆరేళ్ళు. ఈ వయసులో రిటైరయ్యానంటే మా పెందుర్తి కాలనీలో నవ్వుతారు. కానీ నా పని నిజంగానే అయిపోయింది. మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోయి కుడి బొటనవేలికీ చూపుడువేలికీ స్పర్శ తగ్గింది. ఆపరేషన్ తర్వాత కూడా పూర్తిగా తిరిగి రాలేదు. ముసలివాళ్ళ చేతిలో రక్తనాళం కంటికి కనిపించదు, వేలికి దొరుకుతుంది. వేలికి తెలియనప్పుడు ఇంకొకరి చేతిలో సూది గుచ్చడం తప్పు. అందుకని మానేశాను.

ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులో కొత్తగా చేరుతున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. మెషీను ఎలా నడపాలో కాలేజీలో చెబుతారు. ఆడిట్లు, రిజిస్టర్లు వాటంతట అవే వస్తాయి. నేను చెప్పదలచుకున్నది నాలుగైదు జబ్బులున్న ముసలివాళ్ళ థైరాయిడ్ గురించి. పదమూడేళ్ళలో నన్ను భయపెట్టిన పరీక్ష అదొక్కటే.

సంచీ చూశావా?

మా ల్యాబ్ పెద్ద సత్యవతి మేడమ్, పాథాలజిస్టు. ఆవిడ దగ్గర పనిచేయడం కష్టం. టీ తాగుతుంటే మాట్లాడనివ్వదు, ఫోన్ చూస్తే గొడవ చేస్తుంది. అరవై దాటినవాళ్ళ రిపోర్టులో అంకె తేడాగా కనిపిస్తే మాత్రం ఒకటే ప్రశ్న: "సంచీ చూశావా?" అంటే ఆ మనిషి మింగుతున్న మాత్రలన్నీ చూశావా అని. చీటీలో రాసినవి కాదు, నిజంగా నోట్లో వేసుకుంటున్నవి.

గాజువాక నుంచి ఒక రిటైరైన క్రేన్ ఆపరేటర్ వచ్చేవాడు, సూర్యారావు గారని. సుగర్, బీపీ ఉన్నాయి. ఒకసారి ఆయన థైరాయిడ్ మరీ ఎక్కువగా పనిచేస్తోందని రిపోర్టు వచ్చింది. అలాంటి మనిషికి చేతులు వణకాలి, గుండె దడదడలాడాలి. ఈయన నింపాదిగా కూర్చుని చేగోడీలు తింటున్నాడు. మేడమ్ రిపోర్టు ఆపేసి నన్ను సంచీ కోసం పంపింది. అందులో జుట్టు పెరగడానికి వాడే విటమిన్ మాత్రలున్నాయి. ఆ విటమిన్ రక్తంలో ఎక్కువగా ఉంటే కొన్ని మెషీన్లలో థైరాయిడ్ పరీక్ష తప్పుదారి పడుతుంది.

"మా ఆవిడ కోసం తెచ్చినాం బాబూ. మిగిలిపోతాయని నానూ మింగీసాను" అన్నాడు సూర్యారావు గారు. తన బట్టతల తడుముకుని, "జుట్టేటి రాలేదు గానీ తైరాయిడ్ ఒచ్చీసిందేటి?" అని అడిగాడు. కొన్నాళ్ళు అవి ఆపించి మళ్ళీ చేస్తే అంకె సరిగానే ఉంది.

ఇది నవ్వుకునే కేసు. చాలావరకు ఇలా ఉండవు. వయసులో ఉన్నవాడికి థైరాయిడ్ తగ్గితే పట్టుకోవడం తేలిక, ఎందుకంటే ఆ లక్షణాలకి వేరే కారణం కనిపించదు. ముసలివాళ్ళలో ప్రతి లక్షణానికీ ముందే ఒక యజమాని ఉంటాడు. నాడి నెమ్మదిస్తే బీపీ మాత్ర వల్ల అంటారు. మొహం ఉబ్బితే కిడ్నీ అంటారు. మలబద్ధకమైతే ఐరన్ మాత్ర అంటారు. మతిమరుపు వయసు ఖాతాలోకి, చలి రక్తం తక్కువన్న ఖాతాలోకి పోతాయి. ఇక థైరాయిడ్‌కి ఏ లక్షణమూ మిగలదు. ఒక్కో డాక్టరూ తన వంతు సరిగ్గానే చూస్తాడు. మనిషి మాత్రం కొద్దికొద్దిగా చల్లబడిపోతుంటుంది.

నూకాలమ్మ విషయంలో గొంతు కూడా మారింది. దానికీ ఒక యజమాని దొరికాడు.

మే నెలలో చలి

ఆ శుక్రవారం ఉదయం నేను ఆమె చేయి పట్టుకోగానే వదిలేశాను. హార్బర్‌లో ఐసు కింద నుంచి తీసిన చేపని ముట్టుకున్నట్టు ఉంది. మొహం ఉబ్బి, చర్మం పాలిపోయి, కనుబొమల చివర వెంట్రుకలు రాలిపోయి ఉన్నాయి. కళ్ళు తెరిచే ఉన్నాయి కానీ రెప్ప వేయడం చాలా అరుదు.

థర్మామీటరు పెట్టాను. తెరమీద అంకె రాలేదు. మరీ తక్కువని చెప్పే గుర్తు వచ్చింది. పరికరం పాడైందేమోనని నా చంకలో పెట్టుకుంటే మామూలు వేడి చూపించింది. మళ్ళీ ఆమెకి పెడితే మళ్ళీ అదే గుర్తు. వేలికి ఆక్సిజన్ మీటరు తగిలిస్తే రెండు గీతలు వచ్చి ఆగిపోయింది. నా దగ్గరున్న రెండు పరికరాల ప్రకారం ఆ మంచం మీద ఎవరూ లేరు.

మణికట్టు పట్టుకుని చూస్తే నాడి ఉంది. ఒక దెబ్బకీ ఇంకో దెబ్బకీ మధ్య, ఇక రాదేమో అనిపించేంత ఖాళీ ఉంది.

"అమ్మా, పిడికిలి బిగించండి" అన్నాను.

 వినిపించలేదనుకుని ఆమె చేతికి రబ్బరు పట్టీ కడుతున్నాను. అప్పుడు మంచం మీద నుంచి ఒక మగ గొంతు, బొంగురుగా, ఒక్కో మాటా దూరం నుంచి లాక్కొస్తున్నట్టు వచ్చింది.

"ఎవుల్రా... నువ్వు?"

పైడితల్లి చటుక్కున కొంగు తలమీద కప్పుకుంది. మామగారి ముందు కోడలు కప్పుకున్నట్టు.

"మా మావ" అంది నాతో, చాలా మామూలుగా. "అత్త తన గొంతుతోటి మాటాడ్డం మానీసి సానా రోజులైపోనాది బాబూ. ఉప్పుడు మావే పలుకుతన్నాడు."

గోడమీది ఫొటో ఆయనదే. పేరు ఎల్లాజీ. ఏళ్ళ కిందట తెప్ప మీద వేటకి వెళ్ళాడు. తెప్ప ఒడ్డుకి కొట్టుకొచ్చింది, మనిషి రాలేదు. శవం దొరకలేదని నూకాలమ్మ ఆ ఫొటోకి దండ వెయ్యనివ్వలేదు.

"నమ్మవు కదా బావ?" అన్నాడు దానయ్య గుమ్మంలోంచి, చనువుగా వరస కలిపి. "ఒరే గుంటడా అని పిలుస్తన్నాడు నన్ను. అమ్మ నన్నెప్పుడూ నాయినా అనీది. గుంటడా అన్నది మా నాన్నొక్కడే. మొన్న మా వల రాయికి పట్టీసి తెగిపోనాది. ఎక్కడ పోనాదో నాకే తెల్దు. ఈ మంచం మీంచే సెప్పాడు. దీపస్తంభం కింద తెల్ల గోడా, కొండ మీద సర్చి సిలువా ఒక్క గీత మీదకి ఒచ్చినకాడ సూడు అన్నాడు. ఎల్లి సూస్తే వల ఉన్నాది."

"మీ అమ్మకి ఆ గుర్తులు తెలిసుండొచ్చు కదా?"

"ఆడోల్లకి గురుతులు సెప్పం బావ. మా అమ్మ ఏ రోజూ సముద్రంలోకి ఎల్లలేదు."

నేను దాని గురించి తర్వాత చాలాసార్లు ఆలోచించాను. భర్త నిద్రలో కలవరించినా భార్య వినుంటుంది. ఆమె సగం సగం అన్న మాటలని కొడుకు తనకి లోపల తెలిసిన చోటుతో పూరించుకుని ఉంటాడు. ఊరికే కలిసొచ్చి ఉంటుంది. మూడింటిలో ఏదో ఒకటి అయ్యుండాలి. ఏదీ నాకు పూర్తిగా నచ్చలేదు.

రక్తం కష్టంగా వచ్చింది. సంచీ చూశాను. సుగర్‌కి, బీపీకి, గ్యాస్‌కి, కాల్షియం, ఐరన్, థైరాయిడ్. థైరాయిడ్ చీటీలు నాలుగున్నాయి, నలుగురు డాక్టర్లవి. ఒక్కొక్కరూ డోసు పెంచుతూ పోయారు. చివరిది మొదటిదానికి మూడు రెట్లు. దానిమీద డాక్టరు గీత గీసి రాశాడు: మాత్ర వేసుకోవడం లేదని అనుమానం.

"థైరాయిడ్ మాత్ర రోజూ వేస్తున్నారా?"

"ఓలమ్మ, ఒక్క రోజైనా మానీలేదు!"

"పరగడుపునేనా?"

"పరగడుపునే బాబూ. దేవుడి మీద ఒట్టు."

ఈ ప్రశ్న ఆ నలుగురు డాక్టర్లూ అడిగే ఉంటారు. జవాబు అందరికీ ఇదే వచ్చి ఉంటుంది. అబద్ధం కాదని ఆమె మొహం చూస్తే తెలుస్తోంది.

బయటికి వస్తుంటే దానయ్య చెప్పాడు. "ఆదోరం తెల్లారి అమ్మని సముద్రంలో ముంచి తానం సేయించి, కొత్త సీర కట్టి నాన్నని సరిగ్గా పలికిస్తాం. పూనకం పలికించే దాసుడు గారొత్తారు. సగం సగం మాటలు కాకుండా నిండుగా మాటాడాలి కదా."

వందకి పైన

ఆ సాయంత్రం మెషీను అంకె ఇవ్వలేదు. టీఎస్‌హెచ్ అంటే థైరాయిడ్‌ని పని చెయ్యమని మెదడు పెట్టే కేక లాంటిది. థైరాయిడ్ ఎంత పడుకుంటే కేక అంత పెద్దది. మామూలుగా నాలుగైదు లోపు ఉండాలి, ముసలివాళ్ళలో కాస్త అటూ ఇటూ. మా మెషీను వంద దాకా కొలుస్తుంది. నూకాలమ్మ ట్యూబుకి "వందకి పైన" అని మాత్రం చూపించింది.

మేడమ్ టీ కప్పు పక్కన పెట్టేసింది. దుప్పట్ల గురించీ థర్మామీటరు గురించీ గొంతు గురించీ చెప్పాను. "థైరాయిడ్ అంతలా పడిపోతే స్వరతంతువులు ఉబ్బుతాయి. ఆడవాళ్ళ గొంతు మగవాళ్ళలా అయిపోతుంది. ఎదురుగా లేనివాళ్ళు కనిపిస్తారు కూడా. ఒళ్ళు ఇప్పటికే చల్లగా ఉంది" అంది. ఆదివారం స్నానం సంగతి చెప్పగానే నావైపు తిరిగి, "సముద్రంలో ముంచితే పైకి తీసేది శవాన్నే. రేపు పొద్దున్నే వెళ్ళు. నేను ఆస్పత్రిలో మంచం మాట్లాడతాను" అంది.

అంబలి

శనివారం నేను వెళ్ళేసరికి పైడితల్లి అత్తగారి తల ఒళ్ళో పెట్టుకుని చోడి అంబలి తాగిస్తోంది. చోళ్ళంటే రాగులు. ఈ ప్రాంతంలో పొద్దున్నే కడుపులో పడేది అదే. గ్లాసుడు అంబలి, అందులో ఉల్లిపాయ ముక్కలు, ఉప్పు. ఎడమ చేతిలో మాత్రలన్నీ ఒక్క గుప్పెడు. ఒక్కోటీ నోట్లో వేసి అంబలి పోస్తోంది. మొదట వేసింది థైరాయిడ్ మాత్ర. ఆ వెంటనే కాల్షియం, తర్వాత ఐరన్.

"పరగడుపునే అన్నావు కదమ్మా?"

"పరగడుపే కదా బాబూ. అన్నం ఇంకా పెట్టనేదు."

"మరి అంబలి?"

ఆమె నన్ను జాలిగా చూసింది. "అంబలి తిండేటి? అది తాగుతాం. తిండంటే అన్నం."

కాల్షియం, ఐరన్, రాగులు, ఈ మూడూ ఆ చిన్న మాత్రని కడుపులోనే పట్టి ఉంచుతాయి, రక్తంలోకి పోనివ్వవు. గ్యాస్ మాత్ర ఇంకొంచెం అడ్డుపడుతుంది. ఆ ఇంట్లో ఎవరూ తప్పు చెయ్యలేదు. డాక్టర్లు పరగడుపు అన్నారు, వీళ్ళు పరగడుపునే వేశారు. ఒకే మాటకి రెండు కడుపులున్నాయని ఎవరికీ తోచలేదు.

కొత్తవాళ్ళు ఇక్కడొకటి గుర్తుపెట్టుకోవాలి. కారణం దొరికిందని సంబరపడి "రేపటి నుంచి నీళ్ళతో వెయ్యండి" అని చెప్పి వచ్చేయకూడదు. ఆ డోసు, ఒంటికి అందనప్పుడు పెంచుకుంటూ పోయిన డోసు. అది ఒక్కసారిగా అందితే ముసలి గుండె తట్టుకోదు. అంబలి ఆపినా ప్రమాదమే, ఆపకపోయినా ప్రమాదమే. ఆస్పత్రి ఒక్కటే దారి.

దానయ్య ఒప్పుకోలేదు. "ఆదోరం అయినాక తీసుకెల్తాం బావ."

"ఆదివారం అయ్యాక తీసుకెళ్ళడానికి ఉండదు."

"మా నాన్న ఇన్నేల్లకి ఒచ్చాడు. నువ్వు ఆస్పత్రిలో ఏదో ఎక్కిత్తే ఎల్లిపోతాడు. అవునా కాదా సెప్పు."

వెళ్ళిపోతాడని నాకు తెలుసు. మందు పనిచేస్తే గొంతు వాపు తీస్తుంది, ఆ స్వరం ఉండదు. "అవును" అన్నాను. "మీ నాన్న ఉన్నాడా లేదా తేల్చడానికి నా పెట్టెలో ట్యూబు లేదు బావా. మీ అమ్మ ఉంది. ఆమె పోతోంది. నాకు తెలిసింది అంతే."

పైడితల్లి మొగుడివైపు విసురుగా తిరిగింది. "మావనే అడుగు. ఇన్ని అడుగుతన్నావు కదా, ఇది అడగలేవేటి?"

దానయ్య మంచం పక్కన గొంతుక్కూర్చున్నాడు. "నాన్నా. అమ్మని ఆస్పత్రికి తీసుకెల్లమంటావేటి?"

బయట సందులో ఐసు బళ్ళు పోతున్న చప్పుడు. నూకాలమ్మ పెదాలు కదల్లేదు. ఆమె నాడి మీద నా వేలుంది. దెబ్బ, ఖాళీ, దెబ్బ, ఖాళీ. నేను ఆశ వదులుకుంటున్నప్పుడు ఛాతీ లోపల నుంచి వచ్చింది.

"ఊఁ."

దానయ్య లేచి ఆటో కోసం వెళ్ళాడు.

గొంతు వెళ్ళిపోయింది

ఆస్పత్రిలో ముందు వేరే ఇంజెక్షన్లు ఇచ్చి, థైరాయిడ్ మందు చాలా కొద్ది నుంచి మొదలుపెట్టారు. ఒళ్ళు వేడెక్కడానికి దుప్పట్లు తప్ప వేడి నీళ్ళ సీసాలు వద్దన్నారు. వారాలు పట్టింది. ఒకరోజు నేను వార్డుకి వెళితే కిటికీ దగ్గర కూర్చుని ఉంది. నన్ను చూసి సన్నటి, కీచుమనే ఆడ గొంతుతో, "మల్లీ ఒచ్చీసావేటిరా రగతం తాగడానికి! దోమకైనా సిగ్గుంటాది" అంది. పక్క మంచాలవాళ్ళు నవ్వారు. ఆ గొంతు నేను మొదటిసారి విన్నాను.

దానయ్య ఆమె కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. "అమ్మా, వల ఎక్కడున్నాదని సెప్పావు? ఆ గురుతు మల్లోసారి సెప్పు."

"ఏ గురుతు నాయినా? నానేటి సముద్రంలోకి ఎల్లానేటి?"

అతను నావైపు చూడలేదు. ఆ ప్రశ్న మూడు నాలుగు రకాలుగా మార్చి అడిగాడు. ఆమెకి ఏమీ తెలియదు.

ఇంటికి పంపేటప్పుడు పైడితల్లికి నేనే చెప్పాను. లేవగానే మంచినీళ్ళతో థైరాయిడ్ మాత్ర. అంబలి గంట తర్వాత. కాల్షియం, ఐరన్ మధ్యాహ్నం దాటాకే. తర్వాతి పరీక్షలో టీఎస్‌హెచ్ ఆరుకి దిగింది. మేడమ్ ఆ రోజు టీ తాగుతూ మాట్లాడనిచ్చింది.

సందు చివర

వానలు వెళ్ళాక మళ్ళీ రక్తం తీయడానికి వెళ్ళాను. నూకాలమ్మ అరుగు మీద కూర్చుని నన్ను తిట్టింది. తిట్టు బాగానే ఉంది, గొంతు బాగా లేదు. అడుగున ఎక్కడో గరగరలాడుతోంది. మధ్యాహ్నపు ఎండలో శాలువా కప్పుకుంది. మొహం కాస్త నిండుగా కనిపించింది.

"మాత్రలు నువ్వేనా వేస్తున్నది?" అని పైడితల్లిని అడిగాను.

"లేదు బాబూ. నాను పొద్దున్నే సేపలకి ఎల్లిపోతన్నాను కదా. ఈయనే ఏత్తన్నాడు. వొద్దన్నా ఇనడు."

దానయ్య నా ఐస్ పెట్టె పట్టుకుని సందు చివరి దాకా వచ్చాడు. అక్కడ పడవలు కనిపిస్తాయి.

"బావ, ఆ రోజు తెప్ప మీద నానూ ఎల్లాలి. జొరమని అబద్దమాడీసి తొంగున్నాను. మేట్నీకి ఎల్లాలని. నాన్న ఒక్కడే ఎల్లాడు." పడవలవైపు తిరిగాడు. "అమ్మకి బాగోనప్పుడు రోజూ అడిగాను. నాన్నా, నామీద కోపమేటి అని. వల గురించి సెప్పాడు, ఆస్పత్రి గురించి సెప్పాడు. దీనికి మాత్రం ఏటీ అన్లేదు. ఒక్క మాట సాలు బావ."

"మాత్ర ఎలా వేస్తున్నావు?"

"అప్పట్లాగే. అంబల్తోటి, ఆ రెండు మాత్రల్తోటి."

"మీ అమ్మ చచ్చిపోతుంది బావా."

"తెల్సు." అతను పెట్టె నా చేతికిచ్చాడు, జాగ్రత్తగా, గొళ్ళెం సరిచూసి. "సచ్చిపోకముందే ఆపీస్తాను. నువ్వు రగతం సూసి సెప్తావు కదా, ఎంత ఒచ్చిందో."

నేను వెనక్కి వెళ్ళి పైడితల్లికి అంతా చెప్పాను. ఆమె గూట్లోంచి థైరాయిడ్ మాత్రల సీసా తీసి రొంటిన దోపుకుంది. మేడమ్‌కి చెప్పాను, ఆవిడ డాక్టరుకి ఫోన్ చేసింది. ఈ పనిలోకి వస్తున్నవాళ్ళు మాత్ర ఏమిటి, ఎంత, ఎప్పుడు అని అడగడం ఎలాగూ నేర్చుకుంటారు. ఎవరి చేత్తో వేస్తున్నారో కూడా అడగండి. ఆ జబ్బు తగ్గితే ఇంట్లో ఎవరికి లోటో కూడా ఒకసారి చూడండి.

సాయంత్రం రిపోర్టు నా చేతికి వచ్చిందో లేదో ఫోన్ మోగింది. దానయ్య.

"ఎంతొచ్చింది బావ?"

టీఎస్‌హెచ్ 41.3.